టికెట్‌లో 20 నిమిషాలే
మాడ్రిడ్ నుంచి లిస్బన్‌కి టికెట్ బుక్ చేస్తుంటే బయల్దేరేది 3:00, దిగేది 3:20 అని చూపించింది, 500 కిలోమీటర్లు 20 నిమిషాల్లో ఏంట్రా బాబూ ఇది ఫ్లైటా రాకెట్టా అనుకున్నా. తీరా చూస్తే పోర్చుగల్ గడియారం స్పెయిన్ కంటే గంట వెనక, అసలు జర్నీ గంటా 20 నిమిషాలు. అందులోనూ గాల్లో ఉండేది గంటే, మిగతాది రన్‌వే మీద దొర్లడమే 😅

మ్యాప్‌లో చూస్తే స్పెయిన్ కూడా లండన్ టైమ్‌లోనే ఉండాలి, గ్రీనిచ్ రేఖ ఆ దేశం మీదుగానే పోతుంది, మాడ్రిడ్ ఇంకా దానికి పడమరే. కానీ 1940లో స్పెయిన్ నియంత ఫ్రాంకో గడియారం గంట ముందుకి జరిపి జర్మనీ టైమ్‌తో కలిపేశాడు, అంతే, మళ్లీ వెనక్కి తిప్పలేదు. అందుకే అక్కడ ఎండాకాలం రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురే, ఇంక డిన్నర్ ఎప్పుడు తింటారో మీరే ఊహించుకోండి.

ట్రైన్‌లో వెళ్దామని చాలా ఆశపడ్డా గానీ, ఈ రెండు రాజధానుల మధ్య నడిచే నైట్ ట్రైన్ 2020లో కరోనాకి ఆగిపోయింది, ఇప్పుడు స్పెయిన్ సరిహద్దు ఊరు బడహోస్ దగ్గర ఒకసారి, తర్వాత ఇంకోసారి మారుతూ రోజంతా పోవాలి. దాదాపు హైదరాబాద్ బెంగళూరు అంత దూరమే, మనకి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగిపోతాం!

తిరుగు టికెట్‌లో మాత్రం 2 గంటల 20 నిమిషాలు చూపించింది. అమ్మకి ఫోన్‌లో చెప్తే "వచ్చేటప్పుడు ఎదురుగాలేమో నాన్నా" అంది.