చిమ్నీ నుంచి డ్రెయిన్ దాకా

ఈ ప్లాంటు బాయిలర్‌లో ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో చూడ్డానికి వచ్చాను. పొద్దున్నే చిమ్నీలో ఫ్లూ గ్యాస్ అనలైజర్ (పొగలో ఏ వాయువు ఎంతుందో చూపే మీటరు) పెట్టి చూస్తే ఆక్సిజన్ 9 శాతం. ఫర్నేస్ ఆయిల్ బాయిలర్‌కి 3, 4 శాతం ఉంటే చాలు. అంటే మంటకు కావలసినదానికన్నా సుమారు 75 శాతం గాలి అదనంగా పోతోంది. ఆ గాలంతా ఆయిల్ ఖర్చుతో వేడెక్కి, ఊరికే చిమ్నీలోంచి వెళ్లిపోతోంది.

డ్యాంపర్ (మంటకు వెళ్లే గాలిని పెంచే, తగ్గించే తలుపు) ఎందుకంత తెరిచారని ఆపరేటర్‌ని అడిగాను. "నల్లపొగ వస్తే అందరూ నన్నే అంటారు సార్. గాలి ఎక్కువైతే ఎవరూ అడగరు" అన్నారు. ఆయన్ని తప్పు పట్టాలనిపించలేదు. చూసుకోవడానికి మీటరే లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. ఇద్దరం కలిసి డ్యాంపర్ కొద్దికొద్దిగా మూస్తూ, ప్రతిసారీ కార్బన్ మోనాక్సైడ్ (గాలి చాలకపోతే పెరిగే వాయువు) చూసుకుంటూ 4 శాతానికి తెచ్చాం. పొగ రాలేదు. లో ఫైర్‌లో, అంటే మంట తక్కువగా ఉన్నప్పుడు కూడా చూశాం, అక్కడే చాలామంది వదిలేస్తారు. "ఈ అనలైజర్ ఒకటి ఇక్కడే ఉంటే రోజూ మేమే చూసుకుంటాం కదా సార్" అన్నారాయన. రిపోర్టులో మొదటి సిఫార్సు అదే రాస్తున్నాను.

మధ్యాహ్నం ప్లాంటు వెనక్కి వెళ్తే డ్రెయిన్‌లో పొగలు కక్కుతూ కండెన్సేట్, అంటే ఆవిరి వేడినిచ్చేసి మారిన నీళ్లు. నాకు ప్రాణం ఉసూరుమంది. 7 బార్ ఆవిరిలో ఉన్న వేడిలో దాదాపు పావు వంతు ఆ నీళ్లలోనే ఉంటుంది. పైగా అది ఉప్పుల్లేని మంచి నీరు, తిరిగి వాడితే బ్లోడౌన్ (ఉప్పులు పేరుకోకుండా బాయిలర్ నీళ్లు కొంత వదిలేయడం) కూడా తగ్గుతుంది. ఇక్కడ బాయిలర్‌కి నీళ్లందించే ఫీడ్ ట్యాంకులో నీళ్లు 45 డిగ్రీలే. ఫీడ్ వాటర్ ప్రతి 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం ఇంచుమించు 1 శాతం మిగులుతుంది. 85కి తెస్తే లెక్క తేలిగ్గా 6 శాతం దాటుతుంది.

ఎందుకు పారబోస్తున్నారంటే, ఎప్పుడో హీట్ ఎక్స్చేంజర్ ట్యూబు చిల్లుపడి ఉప్పు ద్రావణం బాయిలర్‌లోకి వచ్చిందట. అప్పటినుంచి కండెన్సేట్‌ని వెనక్కి తెచ్చే లైను కోసేశారు. భయం న్యాయమైనదే. కానీ నీళ్లలో ఉప్పు చేరితే పట్టించే కండక్టివిటీ మీటరు పెట్టి, రీడింగ్ పెరిగిన వెంటనే నీళ్లని డ్రెయిన్‌కి మళ్లించే వాల్వు బిగిస్తే సరిపోతుంది. మిగతా రోజులంతా నీళ్లు ట్యాంకుకే వస్తాయి.

మెయింటెనెన్స్ వాళ్లు ఒప్పుకున్నారు. రేపు స్టీమ్ ట్రాపులు (ఆవిరిని ఆపి కండెన్సేట్‌ని మాత్రమే వదిలే వాల్వులు) చూడాలి. ఏవైనా తెరుచుకుని ఉండిపోతే ఆవిరే నేరుగా ఆ లైన్లోకి వస్తుంది. అది తేలకుండా కండెన్సేట్‌ని ట్యాంకుకి పంపే పంపు సైజు రాయలేను.