చిత్తూరులో కొన్న పాత ప్లేనర్ మిషన్: నా అనుభవం

తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు మాకు చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. తలుపులు, కిటికీలు, దేవుడి మందిరాలు చేస్తాం. ఇన్నేళ్లూ చేతి మిషన్‌తోనే చిత్రిక పట్టాం. ఒక్క ద్వారబంధం చెక్కలు నాలుగు పక్కలా నున్నగా, మూలమట్టానికి రావాలంటే ఒక మనిషికి పూటంతా పోతుంది. అందుకే 12 అంగుళాల ప్లేనర్ (కరెంటుతో చిత్రిక పట్టే పెద్ద మిషన్) ఒకటి కొనాలనుకున్నాను. కొత్తదానికి నా చేతిలో డబ్బు చాలదు. పాతది వెతుక్కుందామని బయల్దేరాను.

పాత మిషన్ల విషయంలో అంతకుముందే ఒక దెబ్బ తిన్నాను. ఒక పాత సామాన్ల షాపులో కొత్తగా ఆకుపచ్చ పెయింట్ కొట్టిన రంపం మిషన్ చూసి, 16 వేలు ఇచ్చి తెచ్చుకున్నాను. మూడో వారంలో గట్టి వేప చెక్క కోస్తుంటే కాలిన వాసన వచ్చి మోటార్ ఆగిపోయింది. వైండింగ్ షాపులో విప్పి, లోపలి తీగను బ్లేడుతో గీకి చూపించారు. తెల్లగా మెరిసింది. రాగి అయితే ఎర్రగా ఉండాలి. ఎవరో పాత రాగి తీగ తీసేసి అల్యూమినియం చుట్టించి, పైన రంగు కొట్టి అమ్మేశారు. రాగితో మళ్లీ చుట్టించేసరికి ఇంకో నాలుగు వేలు అయింది. డబ్బు కంటే, కళ్లముందున్నది చూసుకోలేదే అన్న బాధ ఎక్కువ రోజులు ఉండిపోయింది.

ఈసారి మొదట చిత్తూరులో మూసేస్తున్న ఒక టింబర్ డిపోకి వెళ్లాను. అక్కడ పెద్ద చక్రాల బ్యాండ్ సా ఒకటి చాలా చవకగా ఇస్తామన్నారు. మనసు లాగింది. కానీ దుంగలు కోసే రంపం పెట్టాలంటే అటవీ శాఖ లైసెన్సు ఉండాలి. శేషాచలం ఎర్రచందనం వల్ల మన వైపు తనిఖీలు ఇంకా గట్టిగా ఉంటాయి. చవకగా వచ్చిందని ఇంటికి టెన్షన్ తెచ్చుకోకూడదని వదిలేశాను.

అదే డిపోలో ప్లేనర్ కూడా ఉంది. బెల్ట్ తీయించి, మూత ఎత్తి చూస్తే బ్లేడ్లు బిగించే బ్లాక్ నలుపలకలుగా ఉంది. ఇక అక్కడ నిలబడలేదు. ఈ విషయం పాత మిషన్ కొనే ప్రతి ఒక్కరికీ చెప్పాలని ఉంది. పలకల బ్లాక్ తిరుగుతున్నప్పుడు దాని చదును వైపుకీ టేబుల్ అంచుకీ మధ్య పెద్ద సందు ఏర్పడుతుంది. చెక్క ఎగిరి చెయ్యి జారితే వేళ్లు ఆ సందులోకి లోతుగా పోతాయి. గుండ్రటి బ్లాక్‌లో ఆ సందు ఉండదు, బ్లేడు అంచు కొంచెమే బయటికి వస్తుంది. దానిమీదా గాయం కావచ్చు, కానీ పలకల బ్లాక్ చేసేంత నష్టం చేయదు. మా మేనమామ కుడి చేతి రెండు వేళ్లు అలాంటి పాత బ్లాక్ మీదే పోయాయి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉంది. తెగిపోయిన వేలికి ఏ కట్టూ లేదు. అందుకే సగం ధరకు ఇస్తామన్నా పలకల బ్లాక్ మిషన్ కొనకండి.

నెల తర్వాత కాణిపాకం వెళ్లే దారిలో ఒక మిషన్ ఉందని తెలిసింది. దాని యజమాని ముసలి ఆచారి, పోయిన ఏడాది కాలం చేశారు. కొడుకు వేరే ఉద్యోగంలో ఉన్నాడు. షెడ్డు ఖాళీ చేయాలని అమ్ముతున్నారు. నేను వెళ్లేసరికి మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉంది. తీస్తే టేబుల్ నిండా గ్రీజు. రంగు ఎక్కడికక్కడ ఊడిపోయింది. వేలితో గ్రీజు పక్కకి తోస్తే కింద పోత ఇనుము తుప్పు లేకుండా బూడిద రంగులో కనిపించింది. పెయింట్ కంటే ఆ గ్రీజే నాకు నమ్మకం ఇచ్చింది.

"అన్నా, మీరు ఎంతసేపైనా చూసుకోండి. కాణిపాకం స్వామికి దగ్గర్లో ఉన్నాం, అబద్ధం చెప్పను. ఒక బేరింగ్ శబ్దం వస్తోంది, స్విచ్ కూడా సరిగ్గా పట్టదు" అన్నాడు కొడుకు. వినాయకుడి ముందు ప్రమాణం చేసి అబద్ధమాడటానికి మన వైపు ఇప్పటికీ భయపడతారు. అయినా నా పరీక్ష నేను చేసుకున్నాను.

ముందు కరెంటు తీగ ఊడదీయించాను. బెల్ట్ తీసి చూస్తే బ్లాక్ గుండ్రటిదే. చేత్తో తిప్పితే ఒక చివర గరగరమంది. రెండో చివర నూనెలా తిరిగింది. బ్లాక్‌ను పైకీ కిందికీ ఊపి చూస్తే గరగరమన్న వైపు కొంచెం లూజు ఉంది. అతను చెప్పింది నిజమే. ముందు టేబుల్, వెనక టేబుల్ రెండింటి మీదా పొడవైన స్టీలు స్కేలు అడ్డంగా, పొడవుగా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) దూర్చి చూశాను. వెనక టేబుల్ చివర ఒక్కచోట 0.15 మిల్లీమీటర్ల రేకు దూరింది. మిగతా అంతా చదునే. నా పనికి అది చాలు. చిన్న సుత్తితో బాడీ అంతా మెల్లగా తట్టాను. పగులు లేని పోత ఇనుము గంటలా ఖంగుమంటుంది. పగిలినది, వెల్డింగ్ పెట్టినది డబ్‌మంటుంది.

స్విచ్ బాక్సు తలుపు తీస్తే లోపలి రేకు మీద పెన్సిల్‌తో వరసగా తేదీలు. బ్లేడ్లు సాన పట్టించిన ప్రతిసారీ రాసుకున్నారు ఆచారి. ఒకచోట "బేరింగు 6206, రెండూ మార్చినాను" అని ఉంది. 6206లో చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే 30. అంటే 30 మిల్లీమీటర్ల షాఫ్ట్. ఏ షాపులోనైనా దొరికే సైజు. ఆ రేకు చూశాకే కొనాలని మనసులో తేల్చుకున్నాను.

తర్వాత నడిపించమన్నాను. నడవని మిషన్‌కు ఎంత తక్కువ చెప్పినా బయానా ఇవ్వకూడదు. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి టేబుల్ మీద పెట్టి ఆన్ చేయించాను. నీళ్లు సన్నగా వణికాయి, ఒలకలేదు. 2880 సార్లు తిరిగే మోటారుకు 6 అంగుళాల పుల్లీ, బ్లాక్‌కు 4 అంగుళాల పుల్లీ. అంటే బ్లాక్ నిమిషానికి 4320 సార్లు తిరగాలి. పావుగంట నడిచాక మోటారు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, చురుక్కుమనలేదు. నేను తీసుకెళ్లిన రెండు టేకు ముక్కల అంచులు చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి ఎండకు ఎత్తి చూశాను. మధ్యలో సన్నటి వెలుగు కూడా కనపడలేదు.

52 వేలు చెప్పారు. బేరింగులు, స్విచ్, బెల్టులు, బండి ఖర్చు వాళ్ల ముందే కాగితం మీద వేసి 42 అడిగాను. "మా ఆయన దాన్ని బిడ్డలా చూసుకున్నాడు నాయనా" అంది ఆచారి భార్య. ఆ మాటకు బేరం ఆపేశాను. 45కి కుదిరింది. మోటారు నంబరుతో సహా రసీదు రాయించుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఎక్కించడానికి నలుగురం. ఇనుప గొట్టాలు వేసి దొర్లించి, మందపాటి పలకల మీదుగా టాటా ఏస్‌లోకి లాగాం. టేబుళ్లు పట్టుకుని ఎత్తితే అమరిక పోతుంది. అందుకని తాళ్లు అడుగు బాడీకే కట్టించాను.

షెడ్డులో త్రీ ఫేజ్‌కు కలిపి ఆన్ చేస్తే బ్లాక్ వెనక్కి తిరిగింది. భయపడక్కర్లేదు. మూడు తీగల్లో ఏ రెండిటిని మార్చి బిగించినా దిశ మారుతుంది. కరెంటు పూర్తిగా ఆపి ఎలక్ట్రీషియన్‌తో చేయించాను. బ్లేడ్లు తీసి ఉన్నప్పుడే ఇది చూసుకోవడం మంచిది. తర్వాత రెండు బేరింగులూ మార్పించాను. ఒకటే పోయింది కదా అని ఒకటే మార్చే పని పెట్టుకోలేదు.

మిషన్‌తో గార్డు రాలేదు. ఎప్పుడో తీసేసి పారేసినట్టున్నారు. బ్లాక్ మీద వాలే చెక్క గార్డు ఒకటి నేనే చేసి స్ప్రింగుతో బిగించాను. అది లేకుండా మా కుర్రాళ్లెవరినీ స్విచ్ ముట్టనివ్వడం లేదు. ద్వారబంధం చెక్కలు ఇప్పుడు అరగంటలో తేలుతున్నాయి. మొన్న బ్లేడ్లు సాన పట్టించి తెచ్చినప్పుడు, ఆ రేకు మీద ఆచారి రాసిన చివరి తేదీ కింద నా తేదీ రాశాను.