తొడ కండ స్కానింగ్: మాత్ర టైము రాయకుంటే కొలత లెక్కకు రాదు

నాకు ఆరేళ్లుగా పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, బిగుసుకుపోయే జబ్బు) ఉంది. నిరుడు వానాకాలం డెంగ్యూ వచ్చి హన్మకొండలో మూడు వారాలు మంచంలోనే ఉన్నాను. జ్వరం పోయింది గానీ చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవడం చేతకాలేదు. తొడలు సన్నబడ్డాయని కంటికే కనిపిస్తోంది. పోయిన కండ తిరిగి వస్తోందా లేదా అన్నది మాత్రం కొలిస్తేనే తెలుస్తుంది.

టేపు కొలతను నేను నమ్మను. అందులో చర్మం కింది కొవ్వు, నీరు, కండ అన్నీ కలిసి వస్తాయి. బీపీకి అమ్లోడిపిన్, పార్కిన్సన్స్‌కు అమాంటడిన్ వాడేవాళ్లలో కొందరికి కాళ్లు నీరు పడతాయి, పిక్క కొలత ఊరికే పెరుగుతుంది. ఎమ్మారై కచ్చితమైనదే. తొడను అడ్డంగా ముక్కలు కోసినట్టు చూపిస్తుంది. ప్రతి ముక్కలో కండ అంచు గీసి వైశాల్యం తీస్తారు. ముక్కలు సెంటీమీటరుకొకటి ఉంటే, చదరపు సెంటీమీటర్లలో ఆ వైశాల్యాలన్నీ కూడితే దాదాపు ఘన సెంటీమీటర్లలో కండ పరిమాణం వచ్చినట్టే. కానీ కదలకుండా పడుకోవాలి. సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు వణికే కాలు బొమ్మను అలికేస్తుంది. మెదడులో స్టిమ్యులేటర్ (వణుకు తగ్గించడానికి పెట్టే కరెంటు పరికరం) ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి; ఆ మోడల్‌కు ఎమ్మారై తీయొచ్చో లేదో చూసుకోకుండా లోపలికి వెళ్లకూడదు. పదేపదే చూసుకోవడానికి అల్ట్రాసౌండే మేలు. ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు.

అసలు చిక్కంతా కొలిచే పద్ధతిలోనే ఉంది. అల్ట్రాసౌండ్‌లో నా తొడ కండ మందం మొదటిసారి 19 మిల్లీమీటర్లు, రెండు వారాలకు 23 వచ్చాయి. అంత తొందరగా అంత కండ పెరగదు. రెండోసారి పార్కిన్సన్స్ మాత్ర లెవోడోపా పనితనం తగ్గిన సమయంలో తీశారు, తొడ బిగుసుకుని ఉంది. బిగిసిన కండ ఉబ్బుతుంది, మందం ఎక్కువ చూపిస్తుంది. పైగా చోటు గుర్తు పెట్టుకోకుండా రెండు వేళ్లు పైకి జరిగి కొలిచారు.

తర్వాత నుంచి ప్రతిసారీ ఇదే వరస. లెవోడోపా వేసుకున్నాక గంటకు, కాళ్లు వదులుగా ఉన్నప్పుడు స్కాన్. మాత్రతో ఒళ్లు మెలికలు తిరిగేవాళ్లు అది తగ్గిన వేళ చూసుకోవాలి. ముందు పది, పదిహేను నిమిషాలు వెల్లకిలా పడుకోవాలి, ఎందుకంటే నిలబడి ఉన్నప్పుడు కిందికి దిగిన నీరు సర్దుకోవాలి. ఆ పొద్దు కసరత్తు చేయొద్దు. తుంటి ఎముక ముందు మొన నుంచి మోకాలి చిప్ప పై అంచు దాకా టేపు పెట్టి సగంలో పెన్నుతో గుర్తు పెట్టించాను. చిప్ప నుంచి ఎన్ని సెంటీమీటర్లో రాసి ఉంచుకుంటే వచ్చేసారి వెతుక్కునే పని లేదు. ఒంటి మీద ఆనించే ప్రోబ్ చదునుగా ఉండే లీనియర్ రకం కావాలి, కడుపు స్కాన్‌కు వాడే వంపు ప్రోబ్ కాదు. జెల్ ధారాళంగా పోసి, ప్రోబ్‌ను తొడకు నిటారుగా పట్టాలి. నొక్కితే కండ అణిగి మందం తగ్గుతుంది, వాలిస్తే ఎక్కువ వస్తుంది. తెర మీద పైన రెక్టస్ ఫెమోరిస్ అనే కండ, దాని కింద వాస్టస్ ఇంటర్మీడియస్ అనే కండ, అడుగున తొడ ఎముక తెల్లటి గీత. పై కండ మీది తెల్లపొర నుంచి ఎముక దాకా మూడుసార్లు కొలిచి సగటు తీయించాను.

“సార్, కాలు గట్టిగ పట్టకుండ్రి, లూజ్‌గ వదలుండ్రి” అని టెక్నీషియన్ చెప్పాకే మీట నొక్కాలి. డెప్త్ (ఎంత లోతు చూపాలన్నది), గెయిన్ (బొమ్మ వెలుగు) మార్చొద్దని నేనే అడిగేవాణ్ని. కొవ్వు, పీచు చేరిన కండ తెల్లగా కనిపిస్తుంది. గెయిన్ మారిస్తే మంచి కండ కూడా తెల్లబడి కనిపిస్తుంది.

భద్రకాళి చెరువు కట్ట మీద నడక ఒంటికి మంచిదే గానీ తొడను లావు చేయదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఎనిమిదేసి సార్లు మూడు విడతలు, వారానికి మూడు రోజులు చేశాను. మొదట్లో ఎత్తు కోసం దిండు వేసుకున్నాను. లేవగానే కళ్లు తిరిగితే ఆగాలి, ఈ జబ్బులో బీపీ పడిపోతుంది. నా బరువు 60 కిలోలు, డాక్టర్ రోజుకు 72 గ్రాముల ప్రోటీన్ రాశారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు అడక్కుండా పెంచొద్దు. పప్పు, గుడ్ల ప్రోటీన్ లెవోడోపాకు అడ్డుపడుతుంది కాబట్టి మాత్ర తిండికి అరగంట ముందే.

నాలుగో వారానికే చేతులు ఊనకుండా లేచాను, అప్పటికి స్కాన్‌లో తేడా లేదు. మొదట నరాలు కండను బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి, మందం తర్వాత వస్తుంది. పదహారో వారం, అదే గుర్తు మీద, మాత్ర వేసుకున్న గంటకు 22 వచ్చింది, మొదటి 19 కంటే మూడు ఎక్కువ. ఒక మిల్లీమీటరు పెరిగి ఉంటే నమ్మేవాణ్ని కాదు, కొలిచేవాళ్ల చేతి తేడానే అంత ఉంటుంది.