మూడో నెలలో కాలువ గట్టు నడక

పొద్దున్నే పరుగెత్తడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఇప్పుడు మూడో నెల. పొట్ట కూడా కనిపించడం లేదు, కానీ నాలుగు అడుగులు గబగబా వేస్తే చాలు, ఆయాసం. బిడ్డకేమైనా అవుతుందేమోనని ఎంత బెంగపడ్డానో!

డాక్టరమ్మ విడమరచి చెప్పారు. తొలి నెలల్లోనే ఒంట్లో రక్తం పెరగడం మొదలవుతుందట, గుండె వేగం పుంజుకుంటుందట, ప్రొజెస్టిరాన్ హార్మోను వల్ల ఊపిరి లోతుగా తీసుకుంటామట. ఇబ్బందులేవీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అయినా ఊళ్లో కనిపించిన ప్రతివారూ 'కదలకు తల్లీ' అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట నేను ఒప్పుకోను.

పరుగు మానేసి, ఎండ ఎక్కకముందే అత్తయ్యతో కలిసి గట్టు మీద నడుస్తున్నాను. మా కోనసీమ ఉక్కలో ఒళ్లు వేడెక్కకుండా చూసుకోవడం ముఖ్యం. ఆవిడతో కబుర్లు చెప్పగలిగినంత వేగమే నా కొలత. మాట తెగిందా, నెమ్మదిస్తాను. వేవిళ్లకు కడుపులో తిప్పగానే అత్తయ్య కొంగుముడి విప్పి గుప్పెడు మరమరాలు నా చేతిలో పోస్తారు. ఆ ఉప్పటి కరకరకు ప్రాణం లేచి వస్తుంది.

కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలన్నది ఇద్దరం అనుకున్న మాట. ముసురు పట్టిన రోజు మాత్రం వరండాలోనే అటూ ఇటూ.