28వ నంబరు ట్రామ్, శ్మశానం స్టాప్

బుడాపెస్ట్‌లో ఇంకో రోజే మిగిలింది, అందరూ దాన్యూబ్ మీద పడవ ఎక్కమంటుంటే నేను 28వ నంబరు ట్రామ్ ఎక్కి శ్మశానానికి వెళ్లాను.

కారణం మేచ్ ఇమ్రె, 1956లో హంగేరీలో సోవియట్ పెత్తనం మీద జరిగిన తిరుగుబాటులో ఉన్న మనిషి. (హంగేరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాసుకుంటారు, ఇది తెలిసినప్పటి నుంచి వాళ్లమీద నాకు కాస్త అభిమానం.) 1933లో పుట్టాడాయన. 1956 అక్టోబరులో టెక్నికల్ యూనివర్సిటీ విద్యార్థులు సోవియట్ సైన్యం వెళ్లిపోవాలని మొదలుపెట్టి 16 డిమాండ్లు రాసి, 23న బెమ్ అనే పాతకాలపు సేనాని విగ్రహం దాకా ఊరేగింపుగా వెళ్లారు, అప్పుడాయన ఆ యూనివర్సిటీ విద్యార్థే. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు దిగాక చాలామంది దేశం దాటిపోయారు, ఈయన పోలేదు. 1957లో పట్టుకున్నారు, 1958లో ఉరిశిక్ష వేశారు. నెలల తరబడి ఉరికోసం ఎదురుచూశాక శిక్షను యావజ్జీవానికి మార్చారు, 1963 క్షమాభిక్షలో బయటికొచ్చాడు.

ఉరి తప్పనివాళ్లలో చాలామంది ఎక్కడికి చేరారో చూద్దామనే నా ప్రయాణం. శ్మశానం గేటు దగ్గర దిగగానే వాళ్లని పాతిపెట్టిన 301వ ప్లాటు కనిపిస్తుందనుకున్నా. అది చిట్టచివరి మూలన ఉంది! అరగంట పైగా నడిచాను, నీళ్ల బాటిల్ దారిలోనే ఖాళీ అయిపోయింది. అంత దూరం ఎందుకంటే, అక్కడ ఎవరున్నారో ఎవరికీ తెలియకూడదనే కదా. తిరుగుబాటు నాటి ప్రధాని నాజ్ ఇమ్రెని 1958 జూన్ 16న ఉరితీసి ముందు జైలు ఆవరణలోనే పాతిపెట్టారు, 1961లో రహస్యంగా ఇక్కడికి తెచ్చి రిజిస్టర్లో బోర్బీరో పిరోష్క అని ఆడమనిషి పేరు రాశారు. శవాన్ని తారు కాగితంలో చుట్టి తీగతో కట్టి బోర్లా పడుకోబెట్టారట. చచ్చినవాడంటే కూడా అంత భయమేమిటో!

ఇప్పుడక్కడ చెక్కడపు పనితో చెక్క స్తంభాలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. మనుషులెవరూ లేరు. పేర్లు చదవబోయి నాలిక తిరగక, పుట్టిన సంవత్సరాలు మాత్రం చూసుకుంటూ పోయాను. చాలామంది కుర్రాళ్లే.

1989లో సరిగ్గా అదే జూన్ 16న, హీరోస్ స్క్వేర్‌లో ఆరు శవపేటికలు పెట్టి మళ్లీ అంత్యక్రియలు చేశారు. నాజ్, మరో నలుగురివి పోను, ఆరోది ఖాళీ పేటిక, పేరు దక్కని పోరాటగాళ్లకోసం. ఆ రోజు మాట్లాడినవాళ్లలో లోకం గుర్తుపెట్టుకుంది తర్వాత ప్రధాని అయిన 26 ఏళ్ల ఓర్బాన్‌ని. మేచ్ కూడా మాట్లాడాడు, అప్పటికి ఆయనకి 55. ఆ ఖాళీ పేటిక ముందు నిలబడి మాట్లాడాలంటే ఆయనకి ఎలా ఉండి ఉంటుందా అన్నదే నా ఆలోచనంతా. తర్వాత ఇరవయ్యేళ్లు పార్లమెంటులో ఉన్నాడు.

తిరుగు ట్రామ్‌లో గానీ గమనించలేదు, వాళ్లని ఉరితీసిన జైలు కూడా శ్మశానం ఉన్న ఆ కోజ్మా వీధిలోనే ఉంది. ఉరి అక్కడ, గొయ్యి ఇక్కడ.

ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చెప్పబోతే మా ఆవిడ మధ్యలోనే ఆపేసింది. "శ్మశానం నుంచి వస్తూ ఫోనేంటండీ, ముందు రూముకెళ్లి తలస్నానం చేయండి."