ఎమిల్లే గంట, మన గుడిలో స్విచ్ గంట

మా అపార్ట్‌మెంట్ గుడిలో హారతి టైమ్‌కి స్విచ్ వేస్తే డప్పు, గంట కలిపి వాయించే మెషిన్ ఉంది. అది టకటకా మోగుతుంటే మనం ఫోన్ చూసుకుంటూ దండం పెట్టేస్తాం. నిన్న కూడా అంతే. చాలా బాధేసింది, అందుకే రాస్తున్నా.

గంట కొట్టేటప్పుడు చదివే "ఆగమార్థం తు దేవానాం" అందరికీ నోటికొచ్చిన శ్లోకమే. కానీ అందులో "కుర్వే" అని ఉంది కదండీ, నేను చేస్తున్నాను అని. మోటార్ చేస్తోంది అని లేదు.

పని మీద కొరియా వెళ్ళినప్పుడు గ్యోంగ్జు మ్యూజియంలో సోంగ్‌దోక్ రాజు పేరు మీద పోతపోసిన గంటని చూశాను. కొరియాలో ఒకప్పుడున్న సిల్లా రాజ్యం నాటిది. తండ్రి కోసం కొడుకు గ్యోంగ్‌దోక్ మొదలుపెట్టి, పూర్తికాకుండానే పోతే, మనవడు హ్యేగోంగ్ 771లో పూర్తి చేయించి పోంగ్‌దోక్సా అనే బౌద్ధాలయంలో కట్టించాడు. దాదాపు 19 టన్నుల కంచు, మనిషికి రెండింతల ఎత్తు. దాని మీద చెక్కిన శాసనం మొదట్లోనే ఒక మాట ఉంది: మహానాదం భూమ్యాకాశాల మధ్య కంపిస్తూనే ఉంది, చెవి పెడితే మాత్రం వినపడదు, అందుకే ఈ గంట వేలాడదీశాం అని. అనాహతం అని, అంటే ఏదీ తగలకుండానే మోగే నాదం అని, మనవాళ్ళు చెప్పేది గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

కథ కూడా ఉంది. ఎన్నిసార్లు పోతపోసినా గంట మోగలేదట. చందాలకి వచ్చిన భిక్షువుతో ఒక పేద తల్లి "ఈ బిడ్డ తప్ప ఇవ్వడానికి నా దగ్గరేముంది" అందట, ఊరికే, నోటి మాటగా. చివరికి ఆ బిడ్డనే కరిగిన కంచులో వేశారని, అప్పటినుంచి గంట "ఎమిల్లే" అని ఏడుస్తుందని చెప్తారు. అమ్మ వల్లే అని దానికి అర్థం చెప్పుకుంటారు. మన మాటకి ఎంత దగ్గరగా ఉందో చూడండి!

బిడ్డని వేశారంటే నేను నమ్మను, జీవహింస వద్దన్న బుద్ధుడి గుడి అది. లోహాన్ని పరీక్షిస్తే ఎముక ఆనవాలు కూడా దొరకలేదు. మరి ఆ ఏడుపు? గంట అన్ని వైపులా అచ్చంగా ఒకేలా ఉండదు కాబట్టి దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాలు పుడతాయి, అవి కలుస్తూ విడిపోతూ ఉంటే శబ్దం పెరిగి తగ్గి మళ్ళీ పెరుగుతుంది, వెక్కివెక్కి ఏడ్చినట్టే. కానీ అందులో బిడ్డ ఏడుపు వినాలంటే ఆ ఊరి జనం ప్రతిసారీ చివరిదాకా విని ఉండాలి కదా. నాకు ఆ కథలో కన్నీళ్ళు తెప్పించేది అదే. బౌద్ధుల గంట నరకంలో బాధపడేవాళ్ళకి కూడా వినపడాలని మోగిస్తారు, ఆ జనానికేమో ఎవరో బాధపడుతున్నట్టు వినిపించింది.

గంట పాడవుతుందని ఇప్పుడు మామూలుగా మోగించరు, రికార్డింగే వినిపిస్తారు. అదే వింటూ నిలబడిపోయాను.

దయచేసి రేపు హారతికి ఆ స్విచ్ వేయకండి. ఇత్తడి గంట మూల పడుంది, నేను తోమి పెడతాను. పిల్లల్లో ఎవరో ఒకరి చేత ఒక్కసారి కొట్టించి, ఆ మోత పూర్తిగా ఆగాకే రెండోసారి కొట్టిద్దాం.