గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ: పోర్ట్ టాల్బట్‌లో నా మొదటి నాటకం

నేను పుట్టి పెరిగింది విశాఖ ఉక్కునగరంలో. నాన్న స్టీల్ ప్లాంట్‌లో ఇనుము కరిగించే పెద్ద కొలిమి, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. పెళ్లయి ఇంత దూరం వచ్చి, మళ్లీ ఒక ఉక్కు ఊళ్లోనే కాపురం పెడతానని అనుకోలేదు. వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో మొదటి రాత్రి కిటికీ తెరిస్తే ఆకాశం అంచు ఎర్రగా కనిపించింది. చిన్నప్పటి నుంచి చూసిన ఎరుపే. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇప్పుడు ఆ ఎరుపు లేదు. 2024 జూలైలో ఒక ఫర్నేస్, సెప్టెంబర్ 30న రెండోది ఆపేశారు. వాటి బదులు తుక్కు ఇనుము కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేస్ వస్తుంది. దానికి అంతమంది మనుషులు అక్కర్లేదు. కర్మాగారం భారతీయ కంపెనీది. నేను భారతీయురాలిని. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ నెలల్లో బస్సెక్కితే తల దించుకుని కూర్చునేదాన్ని.

లైబ్రరీలో ఒక నాటక బృందం పోస్టర్ చూసింది అప్పుడే. "ఈ ఊరి గురించి మీరు చెప్పాలనుకునేది ఏమిటి? నటన రాకపోయినా పర్వాలేదు." నేను పనిచేసే కేర్ హోమ్‌లో, అంటే వృద్ధుల్ని చూసుకునే చోట, తోటి అమ్మాయి, నేను వద్దంటున్నా, ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది.

ఈ ఊరివాళ్లకి నాటకమంటే టికెట్ కొని చూసేది మాత్రమే కాదు. 2011 ఈస్టర్‌కి ఇక్కడే పెరిగిన నటుడు మైకేల్ షీన్, నేషనల్ థియేటర్ వేల్స్ కలిసి మూడు రోజుల పాటు ఊరినే రంగస్థలం చేశారు. వెయ్యిమందికి పైగా స్థానికులు అందులో పాల్గొన్నారు. ఈ దేశంలో దీని వెనక పాత అలవాటు ఉంది. గనుల ఊళ్లలో కార్మికులు తమ జీతాల్లోంచి పైసా పైసా కూడబెట్టి ఇన్‌స్టిట్యూట్‌లు కట్టుకున్నారు. లైబ్రరీ, సభలు, పాటలు, నాటకాలు అన్నీ ఒకే కప్పు కింద. నేషనల్ థియేటర్ వేల్స్ 2010లో తన మొట్టమొదటి నాటకం ఆడింది కూడా బ్లాక్‌వుడ్‌లోని అలాంటి భవనంలోనే. తర్వాత గ్రాంటు పోయింది, 2024 చివరికి ఆ సంస్థా ఆగిపోయింది. మాలాంటి చిన్న బృందాలు ఇప్పుడు చాపెల్ అనే చిన్న చర్చిల వెనక గదుల్లో, టీ డబ్బా పక్కన చందా డబ్బా పెట్టుకుని నడుస్తున్నాయి.

మంగళవారం సాయంత్రాలు ఏడింటికి రిహార్సల్. మొదటి రోజు పద్నాలుగు మందిమి. స్క్రిప్ట్ ఇస్తారనుకున్నాను, ఇవ్వలేదు. మమ్మల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టారు. ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. రెండోవాళ్లు ఏమీ రాసుకోకుండా వినాలి. తర్వాత అందరి ముందూ లేచి, విన్నది "నేను" అని తమ కథలాగే చెప్పాలి.

నా ఎదురుగా కూర్చున్నాయన ఫర్నేస్ కోసం బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్స్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా చేసిన మనిషి. నన్ను "బాఖ్" అని పిలిచేవారు. వెల్ష్‌లో ముద్దుగా అనే మాట, మనం "చిట్టీ" అన్నట్టు. ఆయన ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఒకటి, నున్నగా, చింతగింజ అంత. మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో దాన్ని రుద్దుకుంటూనే ఉన్నారు. చివరి షిఫ్ట్ అయ్యాక లాకర్ ఖాళీ చేసి, తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక జేబులో వేసుకుని ఇంటికొచ్చేశానన్నారు. అది ఇప్పటికీ ఆ కోటు జేబులోనే ఉందట.

నా వంతు వచ్చింది. నోట్లో తడి ఆరిపోయింది. ఏం చెప్పాలో తోచక మా ఫర్నేసుల పేర్లు చెప్పాను. ఇక్కడ నంబర్ ఫోర్, నంబర్ ఫైవ్ అంటారు. మా ఊళ్లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నాన్న డ్యూటీ నుంచి రాగానే అమ్మ "ఇవాళ గోదావరి ఎలా ఉందండీ?" అని అడిగేది, ఇంట్లో మనిషి గురించి అడిగినట్టు. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం రోడ్డెక్కారనీ, కాల్పుల్లో ప్రాణాలు పోయాయనీ, ఆ ప్లాంట్ కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయనీ, 2021లో దాన్ని అమ్మేస్తామన్నప్పుడు మళ్లీ జనం శిబిరాల్లో కూర్చున్నారనీ చెప్పాను. అక్కడే ఉన్న ఒక పెద్దావిడ 1966 అనగానే చెయ్యెత్తింది. ఊరి మీదుగా మోటర్‌వే వేసిందీ ఆ ఏడాదే, దాని కిందే మా వీధి పోయింది అంది. ఆ వీధిలో ఎవరి తలుపు ఏ రంగో వరసగా చెప్పుకుంటూ పోయింది. మాలో ఎవరూ కదల్లేదు.

కోక్ ఓవెన్స్ ఆయన లేచి నిలబడ్డారు. "నేను విశాఖపట్నంలో పుట్టాను" అని మొదలుపెట్టారు. "మా నాన్న గోదావరి దగ్గర పనిచేసేవాడు." ఆ గొంతులో ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు.

అదే మా నాటకం అయింది. ఎవరి కథ వాళ్లు చెప్పరు, ఇంకొకరిది చెబుతారు. రికార్డ్ చేసి, టైప్ చేసి, ఎవరి పేజీలు వాళ్లకు ఇచ్చారు. వద్దనుకున్నది కొట్టేయండి, కారణం చెప్పక్కర్లేదు అన్నారు. సంతకం పెట్టే దాకా ఏ ముక్కా ఎవరూ వాడరు. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ఈ ఒక్క పద్ధతి మాత్రం వదలకండి. మనుషులు మనసు విప్పింది దాని వల్లే.

నేను కొట్టేసింది ఒకే వాక్యం, బస్సులో తల దించుకునేదాన్నన్నది. ఆ మాట ఈ ఊరివాళ్లను తప్పుపట్టినట్టు వినిపిస్తుందేమోనని భయం. ఆరో వారం ఆయన అడిగారు, "బాఖ్, నీ పేజీలో ఇక్కడ గొయ్యి ఉంది. నేను చెబుతుంటే కాలు పడిపోతోంది. ఏం తీసేశావు?" చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నాకోసం పెట్టు, నేను చెప్తాను" అన్నారు. ఆ రాత్రి నైట్ డ్యూటీలో, పెద్దవాళ్లంతా పడుకున్నాక, ఆ వాక్యం మళ్లీ రాసి పంపాను.

మిగతా నెలంతా టెన్షనే. షిఫ్ట్‌లు మార్చుకోవడం, ఇంట్లో పిల్లాడిని చూసుకోవడం, వెల్ష్ పేర్లకు నాలుక తిప్పడం. పేర్ల సంగతి ఇద్దరికీ సమానమే. నాకు పక్కనున్న "కుమావన్" ఊరి పేరు నేర్పడానికి ఆయనకు ఎంత టైమ్ పట్టిందో, ఆయనకు "కూర్మన్నపాలెం" నేర్పడానికి నాకూ అంతే పట్టింది.

నాటకం రెండు రోజులు. చాపెల్ హాల్లో మొదలై, చివరి భాగానికి జనాన్ని వెంటబెట్టుకుని అబెరావాన్ బీచ్‌కి నడిచాం. అక్కడి నుంచి కర్మాగారం కనిపిస్తుంది. గాలి విపరీతంగా వీస్తోంది, మైకు లేదు. నేను తాళంచెవి కథ చెప్పాను. చెబుతున్నప్పుడు అది నిజంగా నా చేతిలోనే ఉంది. పొద్దున్నే తెచ్చి ఇచ్చారాయన. తర్వాత ఆయన వంతు. బస్సు వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగి, టోపీ తీసి, ఆ ముక్క తల దించుకునే చెప్పారు. ముందు వరసలో పాత డ్యూటీ జాకెట్ వేసుకున్న ఒకాయన తనూ టోపీ తీశాడు. ఆ తర్వాత ఆ మూడు పేర్లూ వచ్చాయి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఒక్క అక్షరం తప్పలేదు.

వీడియో నాన్నకి పంపాను. ఆయనకు ఇంగ్లిష్ అంతగా రాదు, అందులోనూ వెల్ష్ యాస. రెండుసార్లు చూశానని ఫోన్ చేశారు.

"ఆ పెద్దాయన ఏ డిపార్ట్‌మెంటమ్మా?"

"కోక్ ఓవెన్స్, నాన్నా."

"అనుకున్నాను. ఆ దగ్గు విన్నాను. ఆవిరి పట్టుకోమని చెప్పు."